ఎండలో వినకూడని పాట

శుక్రవారం పొద్దున కొట్టు షట్టరు ఎత్తానో లేదో, ఇంకా అగరొత్తి కూడా వెలిగించలా, ఫోను టింగుమంది. తీసి చూద్దును గదా, 'మీకు నచ్చవచ్చు' అంటా ఒక పాట. గిటారు లాంటి బాంజో పట్టుకున్న తెల్లపిల్ల, వెనకాల ఎండిపోయిన మొక్కజొన్న చేను. ఆ పొద్దునే రిలీజయిందంట. నాకు నచ్చవచ్చంట! దీనికేం తెలుసు నా మొహం. నచ్చేది నాకు కాదు. నచ్చే మనిషి పోయి నెలలు దాటినయ్. ఆయన అలవాట్లు మాత్రం నా ఫోనుకి అంటుకుని వదలట్లా.

నాది గురజాలలో పురుగుమందుల కొట్టు. మా నాన్న పెట్టింది, నేను మోస్తన్నా. కొట్టు ముందర ఒక బల్ల ఉంటది. చుట్టుపక్కల ఊళ్ళ రైతులంతా వచ్చి కూచునేది ఆ బల్ల మీదే. ఒక చివర ఒక పార్టీ, రెండో చివర రెండో పార్టీ. మధ్యలో ఖాళీ. ఆ ఖాళీలో ఎవరూ కూచోరు. వ్యాపారం చేసుకునేవాణ్ణి, నాకు ఇద్దరూ కావాలి. ఎవడేమన్నా "అంతేగా మరి" అంటా. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ మాట అని అని నా దవడలు నొప్పులు పుడతయ్.

ఆయన మాత్రం ఆ మధ్య ఖాళీలో కూచునేవాడు. నేను బాబాయి అనేవాణ్ణి. చుట్టరికం ఏం లేదు, మా నాన్నతో స్నేహం, అంతే. మిరప, పత్తి వేసే రైతు. పక్కనే ఊరు. రాగానే తుండుతో బల్ల దులిపేవాడు. బనీను జేబులోంచి ఫోను తీసేవాడు. మందు కొట్టేటప్పుడు తడవకుండా దానికి విత్తనాల ప్యాకెట్టు కవరొకటి తొడిగి ఉంచేవాడు. ఆ కవరు విప్పి, నా టేబులు మీద మంచినీళ్ళ స్టీలు గ్లాసు బోర్లించి నీళ్ళు వంపి, తుడిచి, అందులో ఫోను నిలబెట్టేవాడు. గ్లాసులో పెడితే మోత పెద్దగా వస్తది. "విను సెట్టీ," అని కళ్ళు మూసుకునేవాడు.

ఏం పాటలనుకున్నారు? సినిమా పాటలా? భజనలా? కాదు. తెల్లోళ్ళ పల్లెపాటలు. ఒక గిటారు, ఒక గొంతు. ఎప్పుడో వందేళ్ళ కిందట ఎవడో ముసలాడు ఇంటి అరుగు మీద కూచుని పాడితే రికార్డు చేసినయ్, గరగరమంటా. మొన్న శుక్రవారం వచ్చిన కొత్తవి కూడా. సినిమాల్లాగే వాళ్ళ పాటలు కూడా శుక్రవారమే దిగుతయ్యని నాకు చెప్పింది ఆయనే. గురజాల సెంటర్లో, మిరపలో నల్లతామర పురుగు పోవటానికి మందు ఏదిస్తావని రైతులు నా ప్రాణం తీస్తంటే, స్టీలు గ్లాసులోంచి ఎవడో దొర ఏడస్తా ఉండేవాడు.

పాట సగంలోకి రాగానే బాబాయి చూపుడువేలు పైకి లేచేది. "ఇదిగో, ఇక్కడ" అనేవాడు. ప్రతి పాటలోనూ ఒక చోట ఉంటదంట, పాడేవాడి గొంతు జీరపోయే చోటు. ఆ చోటు పట్టుకోకపోతే పాట విన్నట్టు కాదంట. ఆ వేలు కిందికి దిగేదాకా మందు డబ్బా అడగటానికి వచ్చినవాడైనా సరే నోరు మూసుకుని నిలబడాల్సిందే. నేను కూడా.

ఈ పిచ్చి ఎట్టా పట్టిందయ్యా అంటే, ఒక ఏడు కళ్ళంలో మిరపకాయలు ఆరబోసి కూచుని ఫారిను ట్రాక్టర్ల వీడియోలు చూస్తన్నాడంట. ట్రాక్టరు అయిపోయింది, దాని వెనకే ఒక ముసలాడు వచ్చి గుర్రం పాట పాడాడంట. సంతలో గుర్రాన్ని అమ్ముకుని, పగ్గం ఒక్కటే చేత్తో పట్టుకుని ఇంటికి నడిచొచ్చేవాడి పాట. "భాష రాలా. కానీ వాడు ఏదో అమ్ముకున్నాడని తెలిసింది సెట్టీ. అమ్ముకున్నవాడి గొంతు నాకు తెలీదా?" అన్నాడు. ఆ తర్వాత ఆయన ఫోను ట్రాక్టర్లు చూపించటం మానేసింది.

నేను రైతులకి మందు చెప్పినట్టే ఆయన నాకు పాట చెప్పేవాడు. అచ్చం అదే భాష. "ఇది పొద్దున పరగడుపున విను. ఇది ఎండలో వినమాక, కాళ్ళు లాగేస్తయ్. ఇది చానా పవరు, ఒకసారి విన్నాక మళ్ళీ పది పదిహేను రోజులు ముట్టుకోమాక. ఈ పాతదాని మీద ఆ కొత్తది కలపమాక, పడదు." పాతవి బాగుంటయ్యా కొత్తవి బాగుంటయ్యా బాబాయీ అని ఒకసారి ఎగతాళికి అడిగా. "పాతబియ్యం ఒదుగుద్ది, కొత్తబియ్యం కమ్మగుంటది. ఏది వద్దంటావ్?" అన్నాడు. నేను అంతేగా మరి అన్నా.

ఇంగ్లీషు ఆయనకి రాదు. ఫోనులో తెలుగులోకి మార్చమంటే అది 'ఓ నా ప్రియమైన పొలమా, నన్ను దయచేసి క్షమించుము' అని ఏదో చెత్త రాసేది. ఆ చెత్తలోంచి ఆయన సొంత కథ ఒకటి అల్లేవాడు. గనిలో పనిచేసేవాళ్ళ పాటని పిడుగురాళ్ళ సున్నపు బట్టీల మీదికి మార్చేవాడు. ఓడ తాళ్ళు లాగేవాళ్ళ పాట వస్తే, "ఏముందిరా, మనోళ్ళు ట్రాన్స్‌ఫార్మరు ఎత్తేటప్పుడు ఒకడు అని అందరూ అందుకోరూ, అదే" అనేవాడు. నేను బీకాం చదివా గదా, నాకు కాస్త తెలుస్తది. సగం తప్పు చెప్పేవాడు. దిద్దితే ఒప్పుకునేవాడు కాదు.

ఆయన అన్నిటికన్నా ఎక్కువగా చెప్పింది బావి పాట. చానా పాతది, ఎవరు కట్టారో కూడా తెలీదంట. రెండిళ్ళకి ఒకటే బావి. రెండిళ్ళవాళ్ళూ తగువు పడతారు. ఒకళ్ళు లేనప్పుడు ఇంకొకళ్ళు వచ్చి చేద వేసుకుంటారు. చేద ఒకటే, తాడు ఒకటే. "ఆఖర్న ఇద్దరూ ఒకేసారి బావి దగ్గరికి వస్తారు, మాట్లాడుకుంటారు" అని అందరికీ చెప్పేవాడు. నేను శ్రద్ధగా విన్నా. "బాబాయీ, అందులో ఎవరూ మాట్లాడుకోరు. తాడు తెగుద్ది, చేద నీళ్ళలో పడుద్ది, అంతే" అన్నా. నా వంక చూశాడు. "నువ్వు సరిగ్గా వినలా" అన్నాడు. మళ్ళీ గ్లాసులో ఫోను పెట్టాడు.

ఆయన అంత పట్టుగా ఎందుకన్నాడో నాకు రైల్లో తెలిసింది. నేను గుంటూరులో డీలర్ల మీటింగుకి పోవాలి, ఆయన మిర్చి యార్డుకి పోవాలి. నడికుడిలో పొద్దుటి బండి ఎక్కాం. కిటికీ పక్కన కూచోగానే ఇయర్‌ఫోను వైరు తీసి ఒక కొస నా చెవిలో పెట్టాడు, రెండోది తను పెట్టుకున్నాడు. ఇద్దరు మొగాళ్ళం, ఒకే వైరుకి కట్టేసినట్టు, తలలు ఆనించుకుని కూచున్నాం. ఎదురు సీట్లో ఆడవాళ్ళు నవ్వుతన్నారు. నాకు సిగ్గేసింది. ఆయనకి సిగ్గేం లేదు, వేలు పైకెత్తి "ఇదిగో, ఇక్కడ" అంటన్నాడు.

బావి పాట అయిపోయాక వైరు తీసేశాడు. "సెట్టీ, ఈ పాట మా బావకి పంపు" అన్నాడు.

నేను ఉలిక్కిపడ్డా. వాళ్ళ బావంటే పిన్నికి సొంత అన్న. నేను మావయ్యా అంటా. ఇద్దరి ఇళ్ళూ ఒకే ఊళ్ళో, రెండు బజార్లు ఎడం. మొన్నటి పంచాయతీ ఎలక్షన్ల నించీ మాటల్లేవు. మా వైపు పార్టీలు చీలితే ఇళ్ళు చీలతయ్. మొగాళ్ళు టీ తాగే కొట్లు వేరైపోతయ్, ఆడవాళ్ళ పసుపు కుంకాలు ఆగిపోతయ్. పెళ్ళికి పిలవరు, చావుకి పోరు. పిన్ని అప్పటినించీ పుట్టింటి గడప తొక్కలా. ఒకసారి నేను తోట చూట్టానికి వెళితే మేడ మీద ఒడియాలు పెడతా, నాకు మజ్జిగ ఇచ్చి, దూరంగా చూపించింది. "మా అన్న కొత్త టాంకీ పెట్టిచ్చాడబ్బాయ్. నీలంది." అంతే చెప్పింది. ఆమెకి అన్న ఇంట్లో కనపడేది ఆ నీళ్ళ టాంకీ ఒక్కటే.

"నువ్వే పంపొచ్చుగా బాబాయీ" అన్నా.

"నన్ను బ్లాకు చేశాడు. నీ కొట్టుకి వస్తాడుగా. నీ పేరు మీద పంపు. నేను పంపానని చెప్పమాక."

అప్పుడు చెప్పాడు. ఎలక్షన్లో గెలిచింది బాబాయి వైపు వాళ్ళు. కౌంటింగు అయ్యాక ఊరేగింపు తీశారు. ట్రాక్టరు మీద డీజే బాక్సులు, రంగులు, టపాసులు. ఓడినోడి ఇంటి ముందు బండి ఆపి పాట పెట్టటం మా దగ్గర ఆచారం లాంటిదే. మావయ్య గుమ్మం ముందు ఆపారు. తలుపులు అదిరేటట్టు పెట్టారు. మావయ్య బయటికొచ్చి నిలబడ్డాడు. ట్రాక్టరు మీద బాబాయి ఉన్నాడు, మెళ్ళో దండ.

"వాడు అరవలా, తిట్టలా. నన్నే చూశాడు. నేను దిగి ఉంటే అయిపోయేది సెట్టీ. ఒక్క అడుగు. దిగలా. మా వాళ్ళంతా చూస్తన్నారు గదా, రోషం." కిటికీలోంచి బయటికి చూస్తా అన్నాడు. "పాటతోనే తెగింది. ఏ పాటతో అతకాలి చెప్పు? మన పాటలన్నీ ఎవడో ఒకడి మీదికి పెట్టేవే. హీరోకి ఒక పార్టీ, దేవుడికి ఒక వీధి. ఏ పాట పెట్టినా ఎవుడిమీదికిరా అని లేస్తారు. ఈ తెల్లముసలాడికి మన ఊళ్ళో పార్టీ లేదు. వీణ్ణి ఎవడి మీదికీ పెట్టలేం."

అసలు మాట ఆ తర్వాత వచ్చింది. "నా గుండె సంగతి డాక్టరు చెప్పాడు. నేను పోతే మీ పిన్నికి పుట్టింటి చీర ఎవడు తెస్తాడు సెట్టీ?"

మొగుడు పోయిన ఆడదానికి పెద్దకర్మ రోజున పుట్టింటివాళ్ళు చీర తేవాలి. ఎంత లేని పుట్టిల్లయినా తేవాలి. తేకపోతే ఆ మనిషి వెనక ఎవరూ లేరని పదిమందిలో చెప్పినట్టే. పిన్నికి ఉన్నది ఆ అన్న ఒక్కడే. నాకప్పుడు అర్థమైంది, ఈయన ఇన్నాళ్ళూ మధ్య ఖాళీలో ఎందుకు కూచుంటన్నాడో. సరే బాబాయీ పంపుతా అన్నా.

పంపాను. మర్నాడు మావయ్య ఫోను చేత్తో పట్టుకుని నా కొట్టు మీదికి వచ్చాడు. "ఏంది సెట్టీ ఇది? వాళ్ళ పార్టీ వాళ్ళు ఇంగ్లీషులో కూడా పాటలు దించారా?" పాట కూడా తెరవలా. అదేదో తన మీద కట్టిన పాట అనుకుని ఇద్దరు మనుషుల్ని వెంటేసుకొచ్చాడు. ఓరి దేవుడా! నేను వాళ్ళందరికీ టీ తెప్పించి, పాట పెట్టి, ఇందులో ఏ గుర్తూ లేదు, ఏ జెండా లేదు అని నచ్చజెప్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. "ఏడుపుగొట్టు పాట" అని లేచిపోయాడు. కానీ పాట అయిపోయాకే లేచాడు, అది నేను చూశా.

అక్కణ్ణించి నాకు ఇదొక ఉద్యోగమైపోయింది. బాబాయి చెప్పటం, నేను పంపటం, కింద 'ఎండలో వినమాక' లాంటివి ఆయన అన్నది అన్నట్టే రాయటం. గుర్రం పాట, ఓడ పాట, ఊళ్ళో కొట్లన్నీ మూతపడ్డయ్యని పాడే కొత్తపిల్ల పాట. మావయ్య వచ్చి బల్ల రెండో చివర కూచునేవాడు. పాటల ఊసే ఎత్తేవాడు కాదు. బాబాయి అడిగేవాడు, "విన్నాడా? ఎక్కడిదాకా విన్నాడు? జీరపోయే చోట మొహం ఎట్టా పెట్టాడు?" నాకేం తెలుసయ్యా మొహాలు! ఒకపక్క మిరపకి ధర లేదు, ఒకపక్క తెగుళ్ళు, మధ్యలో నేను ఈ బావాబామ్మర్దుల పాటలు మోస్తా తిరుగుతన్నా. విసుగొచ్చేసింది. ఒకరోజు "ఎన్నాళ్ళు బాబాయీ ఇది?" అన్నా. "మందు కొట్టగానే పురుగు రాలుద్దా?" అన్నాడు, గ్లాసు తుడుస్తా.

ఆ మందు పనిచెయ్యకముందే ఆయన పోయాడు. పొలంలో మోటారు వెయ్యటానికి వంగి మళ్ళీ లేవలా. నరసరావుపేట తీసకపోతంటే దార్లోనే అయిపోయింది. ఇంటి ముందు మైకులో చావింట్లో పెట్టే పాటే పెట్టారు. గ్లాసు లేదు, గిటారు లేదు. మావయ్య రాలా. శవం పోతన్నంతసేపూ మేడ మీద నీలం టాంకీ పక్కన నిలబడి ఉన్నాడని ఎవరో అన్నారు.

పెద్దకర్మ రోజు పొద్దున నేను షట్టరు దించి బయలుదేరబోతన్నా. మావయ్య వచ్చాడు. తెల్లచొక్కా, చేతిలో బట్టల కొట్టు కవరు. బల్ల మీద పెట్టాడు.

"నువ్వు పోతన్నావుగా. ఇది మా చెల్లెలికి ఇచ్చిరా. నేను పంపానని చెప్పమాక."

అదే మాట. ఆ మాట ఎన్నిసార్లు విన్నానో! కవరు ఆయన వైపు నెట్టా. కోపమో, దుఃఖమో, అలసటో. జన్మలో మొదటిసారి ఒక ఖాతాదారుడితో అంతేగా మరి అనలా.

"పాటలు మోశా మావయ్యా. చీర మొయ్యను. ఇది మొయ్యాల్సినవాడు మోస్తేనే చీర. నేను మోస్తే గుడ్డ."

మొహం ఎర్రబడింది. తిడతాడనుకున్నా. బల్ల మీద కూలబడ్డాడు, సరిగ్గా మధ్యలో. "ఆ పాటలు నువ్వు పంపినయ్యి కాదని నాకు తెలీదనుకున్నావా? 'ఎండలో వినమాక' అని నువ్వంటావా? నీకు ఆ తెలివి ఎక్కడిది?" ఫోను తీసి బావి పాట పెట్టాడు. పూర్తిగా విన్నాడు. "ఆఖర్న వాళ్ళు మాట్లాడుకుంటారంటగా. బావ ఊరంతా చెప్పాడంట."

అబద్ధం నా నాలిక చివరి దాకా వచ్చింది. చెప్పలేకపోయా. "మాట్లాడుకోరు మావయ్యా. తాడు తెగుద్ది. బాబాయికి ఇంగ్లీషు రాదు."

"నీకొచ్చి ఏం ఉద్ధరించావ్?" అన్నాడు. కవరు తీసుకుని లేచాడు. "పద."

నా బండి వెనకాల కూచున్నాడు. ఊళ్ళోకి మలుపు తిరిగే చోట వాళ్ళ పార్టీ టీ కొట్టు. అందరూ చూస్తన్నారు. "ఆపు" అన్నాడు. అయిపోయింది, వెనక్కి పోతాడు అనుకున్నా. దిగాడు. కవరులోంచి చీర తీసి, కవరు నా చేతిలో పెట్టాడు. "ఇక్కణ్ణించి నడుస్తా. అందరూ చూడాల" అన్నాడు. ఆ రోజు డీజే బండి పోయిన బజార్లోనే, రెండు చేతుల మీద చీర పెట్టుకుని నడిచాడు. నేను బండి తోసుకుంటా వెనక నడిచా.

గుమ్మంలో ఆడవాళ్ళు మాటలాపేశారు. పిన్ని మూల చాప మీద కూచుని ఉంది. తలెత్తి చూసింది. ఏడవలా.

"అన్నా, టాంకీ మూత గాలికి ఎగిరిపోయిందే. చూసుకోలా?"

అంత మనిషీ గుమ్మంలోనే కూలబడి చిన్నపిల్లాడల్లే ఏడ్చాడు. నేను అక్కడ ఉండలేక బయటికొచ్చేశా.

ఇదంతా ఇవాళ ఈ ఫోను టింగుమనబట్టి గుర్తొచ్చింది. బాంజో పిల్ల పాట నేనే విన్నా. నాకేం గొప్పగా అనిపించలా. నాకు చెవి లేదని బాబాయి ఎప్పుడూ అనేవాడు. అయినా చెయ్యి ఊరుకోలా, మావయ్యకి పంపా. కింద 'ఎండలో వినమాకండి' అని రాశా.

మధ్యాన్నం వాయిస్ మెసేజి వచ్చింది. "సెట్టీ, మా చెల్లెలు ఇక్కడే ఉంది. భోజనానికి వచ్చింది. ఇద్దరం వింటన్నాం. ముక్క అర్థం కాలా. ఇంకోటి ఉంటే పంపు." ఆయన మాట ఆగింది గానీ మెసేజి ఆపటం మర్చిపోయినట్టున్నాడు. వెనకాల పాట సాగతానే ఉంది, స్టీలు గ్లాసులోంచి వచ్చినట్టు. ఒకచోట ఆ పిల్ల గొంతు సన్నగా జీరపోయింది.

"ఇదిగో, ఇక్కడ" అంది పిన్ని.